మాటలున్నాయి, కబుర్లు లేవు: నాలుగేళ్ళ బాబుకి స్పీచ్ థెరపీలో అసలేం చేయించాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

బాబుకి నాలుగేళ్ళ రెండు నెలలు. రంగులు, అంకెలు, పండ్లు, జంతువులు అన్నిటి పేర్లూ చెప్తాడు. లెక్కేస్తే రెండొందల మాటల పైనే. కానీ పిలిస్తే పలకడు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు, నా మొహం వైపు చూడడు. "నీ పేరేంటి?" అంటే "నీ పేరేంటి?" అనే అంటాడు. పార్కులో పిల్లలున్నా తన మానాన తను ఇసకలో ఆడుకుంటాడు.

డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు, వారానికి రెండు సెషన్ల స్పీచ్ థెరపీ రాశారు. రెండు నెలలుగా గదిలో ఫ్లాష్ కార్డులు చూపించి పేర్లు చెప్పిస్తున్నారు. ఆ పేర్లు వాడికి ముందే వచ్చు. నలుగురితో మాట కలపడానికి స్పీచ్ థెరపీ ఎలా పనికొస్తుంది? ఇంట్లో మేం ఏం చేయాలి? పెద్దవాళ్ళేమో వస అరగదీసి నాలిక్కి రాస్తే గలగలా మాట్లాడతాడంటున్నారు.

మాటామంతీ (స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్)

వస సంగతి ముందు తేల్చేద్దాం. వాగే పిల్లని వసపిట్ట అంటాం గానీ, వస కొమ్ము మాటలు తెప్పించదు. పైగా మీ వాడికి కొరత మాటల్లో లేదు. మాట ఎందుకు, ఎవరితో అన్న దగ్గర ఉంది.

ఫ్లాష్ కార్డు చూసి "యాపిల్" అనడం పేరు పెట్టడం. ఎదుటి మనిషి లేకపోయినా ఆ పని జరుగుతుంది. సోషల్ కమ్యూనికేషన్ అంటే అడగడం, వద్దనడం, చూపించడం, పలకరించడం, అడిగినదానికి జవాబివ్వడం, తన వంతు కోసం ఆగడం. మాటలు రాకముందే, తొమ్మిది నుంచి పద్నాలుగు నెలల మధ్య, పిల్లలు వేలు పెట్టి చూపించి, ఆ వెంటనే అమ్మ మొహం చూస్తారు. "అదిగో కాకి, చూశావా?" అన్నట్టు. దీన్ని మేం జాయింట్ అటెన్షన్ అంటాం. మీ వాడు చెయ్యి పట్టి లాక్కెళ్తున్నాడంటే అడగడం వచ్చు, కానీ మిమ్మల్ని మనిషిగా కాక తలుపు తీసే పనిముట్టుగా వాడుతున్నాడు. థెరపీ మొదలవ్వాల్సింది అక్కడ. మాటల సంఖ్య పెంచడం తర్వాతి సంగతి.

ఒక్క ఆట వివరంగా చెప్తాను, మిగతావన్నీ దాని తమ్ముళ్ళే. సబ్బు బుడగల సీసా తీసుకోండి. వాడి ఎదురుగా, మీ కళ్ళూ వాడి కళ్ళూ ఒకే ఎత్తులో ఉండేలా కింద కూర్చోండి. రెండు మూడుసార్లు ఊదండి. మూత గట్టిగా బిగించి సీసా వాడి చేతికివ్వండి. ఇప్పుడు నోరు మూసుకుని ఐదు నుంచి పది సెకన్లు ఆగండి. మనసులో లెక్కపెట్టండి, ఎందుకంటే చాలామంది రెండో సెకనుకే "ఊదాలా నాన్నా?" అనేస్తారు. వాడు సీసా మీకు అందించినా, మీ వైపు ఒక్క చూపు చూసినా, "ఊ" అన్నా, అది చాలు. వెంటనే "ఊదు!" అని ఒకే ఒక్క మాట అని, మరుక్షణం ఊదండి. ఆలస్యమైతే తన చూపుకీ మీ ఊదుడుకీ ఉన్న సంబంధం వాడికి అందదు. ఐదారు విడతలయ్యాక, వాడికి ఇంకా కావాలనిపిస్తుండగానే ఆపేయండి.

ఇందులో చెడేది ఎక్కడంటే, "బుడగలు అను, అంటేనే ఊదుతా" అని వాడు ఏడ్చేదాకా పట్టుబట్టడం. అప్పుడు ఆట పరీక్ష అవుతుంది. రెండోది, గడ్డం పట్టి మొహం తిప్పి "నన్ను చూడు" అనడం. బలవంతంగా కళ్ళలోకి చూపించడం మా లక్ష్యాల్లో ఉండకూడదు. కొందరు పిల్లలకు అది నిజంగానే కష్టం, చూడమంటే వినడం మానేస్తారు. మూడోది "ఇంకా" అనే మాట. అన్నిటికీ అదే నేర్పితే వాడు బుడగలకీ, బిస్కెట్‌కీ, ఉయ్యాలకీ "ఇంకా" అనే అంటాడు, ఏది కావాలో మీరు వెతుక్కోవాలి. ఊదు, నీళ్ళు పొయ్యి, తియ్యి, ఎత్తుకో అని పనికి తగిన మాట ఇవ్వండి.

ఇదంతా అడగడం. చూపించడం వేరే పని, దానికి ఏదో ఒక వింత జరగాలి. టిఫిన్ బాక్సు తెరిస్తే ఇడ్లీకి బదులు దువ్వెన ఉండాలి. చొక్కా చెయ్యి మీ తలకి తగిలించుకోండి. వాడు ఆగి మీ వైపు చూసిన క్షణమే "అయ్యో! దువ్వెన!" అనాలి. వేలుతో చూపించడం నేర్పాలంటే ముందు వస్తువును తాకుతూ చూపించండి, తర్వాత అడుగు దూరం, తర్వాత మూడడుగులు, ఆ తర్వాతే గది అవతలి గోడ. మొదటి రోజే ఆకాశంలో విమానం చూపిస్తే వాడు మీ వేలి చివరనే చూస్తాడు.

వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలంటే గంటన్నర. పిల్లాడు మెలకువగా ఉండేది వారానికి 80 గంటల పైమాటే. అందుకే సెషన్ అసలు పని మీకు నేర్పడం. తలుపు మూసేసి మిమ్మల్ని బయట కూర్చోబెడితే, చివరి పది నిమిషాలైనా లోపలికి పిలిచి మీ చేత చేయించమని గట్టిగా అడగండి. ఇంట్లో రోజుకి నాలుగైదు సార్లు, ఐదేసి నిమిషాలు చాలు. స్నానంలో చెంబు ఎత్తి ఆగడం, అన్నంలో నెయ్యి చెంచా పట్టుకుని ఆగడం, లిఫ్ట్ బటన్ ముందు ఆగడం. విడిగా క్లాసు పెట్టక్కర్లేదు.

థెరపిస్ట్‌ని లక్ష్యం రాతపూర్వకంగా అడగండి. "కమ్యూనికేషన్ మెరుగుపరచడం" అని రాస్తే అది లక్ష్యం కాదు. "పది నిమిషాల ఆటలో, ఎవరూ అడక్కుండా, వస్తువు అందించి గానీ చూసి గానీ మాటతో గానీ ఐదుసార్లు తనే అడుగుతాడు, అమ్మతోనూ నాన్నతోనూ" అన్నట్టుండాలి. రెండు వారాలకోసారి అదే బొమ్మతో, అదే మనిషితో పది నిమిషాల వీడియో తీసి, తనంతట తను మొదలుపెట్టినవి ఎన్నో లెక్కపెట్టండి. జవాబుగా చెప్పినవి ఆ లెక్కలో వేయకండి. మూడు నెలలకి ఆ అంకె కదలకపోతే పద్ధతి మార్చాలి.

చెవిమాట (ఆడియాలజిస్ట్)

ఇంతకీ వినికిడి పరీక్ష అయిందా? ప్రశ్నలో లేదు. పిలిస్తే పలకని పిల్లాడికి ఎవరేం పేరు పెట్టినా ఇది తప్పనిసరి. టీవీలో యాడ్ రాగానే పరిగెత్తుకొస్తాడు కాబట్టి వినిపిస్తోందనుకుంటారు. కొద్దిపాటి లోపంలో పెద్ద శబ్దాలు వినపడతాయి, స, శ లాంటివి జారిపోతాయి. పుట్టినప్పుడు స్క్రీనింగ్ పాసవడం కూడా ఇప్పటికి హామీ కాదు. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరినా వినికిడి తగ్గుతుంది, దానికి టింపనోమెట్రీ చేస్తారు. ఓఏఈ (చెవిలోకి శబ్దం పంపి లోపలి చెవి స్పందన చూసే పరీక్ష) ఒక్కటే చేసి పంపేస్తే ఒప్పుకోకండి. అది లోపలి చెవిని మాత్రమే చూస్తుంది. అక్కణ్ణుంచి నరం దారి ఎలా ఉందో తెలియాలంటే బెరా కావాలి. బెరాకి పిల్లాడు నిద్రపోవాలి కాబట్టి ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి తీసుకెళ్ళండి.

గోదారిగట్టు

బెరా, టింపనోమెట్రీ రెండూ అయ్యాయి, నార్మల్. థాంక్సండీ. ఇంకో సంగతి. నీళ్ళు కావాలంటే "బాబుకి నీళ్ళు కావాలా?" అంటూ వస్తాడు. సరిదిద్దుదామని "నీళ్ళు కావాలి అని చెప్పు" అంటే "నీళ్ళు కావాలి అని చెప్పు" అంటాడు. నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు.

మాటామంతీ

వాడు తప్పు చేయడం లేదు. మీరు నీళ్ళిచ్చే ముందు ప్రతిసారీ ఏమంటారు? "బాబుకి నీళ్ళు కావాలా?" అనే కదా. ఆ వాక్యం పలికితే నీళ్ళొస్తాయని పట్టుకున్నాడు. దీన్ని ఎకోలాలియా అంటారు. చిలకపలుకులని కొట్టిపారేయకండి. చాలామంది పిల్లలకు అదే మెట్టు. ముందు మొత్తం వాక్యాన్ని ముద్దగా మింగి, తర్వాత దాన్ని ముక్కలు చేసి కొత్త మాటలు కడతారు.

మీరు చేయాల్సింది "అని చెప్పు" మానేయడం. "అను", "చెప్పు" కూడా వాడికి వాక్యంలో భాగమే. వాడి నోట ఏం రావాలో సరిగ్గా అదే, వాడి గొంతుతో అన్నట్టుగా అనండి: "నీళ్ళు కావాలి." చివర పైకి లేపకండి, మామూలు స్వరంతో దించండి. మన భాషలో ఇక్కడ ఒక మెలిక ఉంది. కావాలి అన్నది నాకైనా నీకైనా మారదు, చివర "ఆ" చేరితే ప్రశ్న అవుతుంది, అంతే. కాబట్టి ఆ ఒక్క దీర్ఘం రాలిపోతే చాలు, వాక్యం వాడిదైపోతుంది. అసలు కష్టం "తింటావా?" దగ్గర. వాడు "తింటాను" అనాలంటే "వు" పోయి "ను" రావాలి, అంటే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియాలి. అందుకని అన్నం దగ్గర కొన్నాళ్ళు ప్రశ్నలు మానేసి, ముద్ద చూపించి ఆగండి. వాడు నోరు తెరిచినా, చేయి చాచినా వాడి తరఫున మీరే "తింటాను" అని పెట్టండి. "నేను", "నువ్వు" విడివిడిగా డ్రిల్లు చేయించకండి, తలకిందులవుతాయి. "మనం", "మేము" తేడా అయితే మామూలుగా ఎదిగే పిల్లలకూ సమయం పడుతుంది, దాని జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు.

"నీ పేరేంటి?"కి ఇద్దరు పెద్దవాళ్ళుంటే పని సులువు. ఒకరు అడగాలి, రెండోవారు వాడి వెనక కూర్చుని ప్రశ్న పూర్తికాగానే, వాడు దాన్ని తిరిగి పలికేలోపే, చెవి దగ్గర పేరు చెప్పాలి. తర్వాత పేరులో మొదటి అక్షరమే అందించాలి, ఆ తర్వాత ఊరికే ఆగాలి. వెనకవాళ్ళు తొందరగా తప్పుకోకపోతే, అందించేదాకా ఎదురుచూడడం అలవాటవుతుంది.

ఒక ప్రశ్నకి మూడు నాలుగు మామూలు మాటలు, ఇదీ పాళ్ళు. "ఇదేంటి? అదేంటి? ఏ రంగు?" అని రోజంతా పరీక్ష పెట్టే ఇంట్లో పిల్లాడు మాట తప్పించుకుంటాడు.

బడిగంట (స్పెషల్ ఎడ్యుకేటర్)

ఇంట్లో కుదిరింది పార్కులో ఎందుకు కుదరదని తర్వాత అడుగుతారు, అందుకే ఇప్పుడే చెప్తున్నా. పెద్దవాళ్ళు పిల్లాడి కోసం ఆగుతారు, తోటి పిల్లలు ఆగరు. కాబట్టి ఒక్కసారి పదిమందిలో వేయకండి. ఒక్క పిల్ల చాలు, కుదిరితే ఏడాది పెద్దదైన నెమ్మది పిల్ల. పావుగంట. ఒకే వస్తువు, రెండు వంతులు: జారుడుబల్ల మీద కారు వదలడం, ఒకరు పైన, ఒకరు కింద. ఇద్దరికీ చెరో కారు ఇచ్చారంటే ఎవరి ఆట వాళ్ళదే. ఆ పిల్లకి కూడా రెండు సంగతులు చెప్పండి: పేరు పెట్టి పిలిచి, ఎదురుగా వచ్చి, వస్తువు చూపించాలి, జవాబు రాకపోతే ఇంకోసారి అడగాలి, వదిలేసి పోకూడదు. నేర్చుకోవాల్సింది మీ వాడొక్కడే కాదు.

మన ఆటలు దీనికి భలే పనికొస్తాయి. చెమ్మచెక్కలో చేతులు కలవాలంటే ఎదుటివాళ్ళ లయ పట్టాలి. ఉప్పుమూట ఎత్తుకుని ఆగిపోతే పిల్లలు తమంతట తామే "పద" అంటారు. వామనగుంటల్లో వంతు కంటికి కనపడుతుంది. దాగుడుమూతలు మాత్రం చివరికి ఉంచండి. నాకు కనపడేది వాళ్ళకి కనపడదన్న ఊహ లేకుండా అది ఆట కాదు, మొహం మూసుకుని నిలబడడమే.

కథ చెప్తూ ఊ కొట్టించడం కూడా థెరపీయే. విన్నాను, చెప్పు అని ఎదుటివాళ్ళకి తెలియజేయడం అది. వాడు ఊ అననిచోట కథ ఆపండి, అనగానే సాగించండి. ముందు రెండు వాక్యాల కథ, తర్వాత ఐదు.

మెట్రోపాప

ఇదే చర్చలో అడగొచ్చా? మా పాపకి ఎనిమిదేళ్ళు, వాక్యాలు చక్కగా మాట్లాడుతుంది. కానీ ఎప్పుడూ మెట్రో రైలు స్టేషన్ల గురించే. వినేవాళ్ళు లేచి వెళ్ళిపోతున్నా ఆపదు. హెడ్మాస్టరుగారితో "సార్, నువ్వు కూర్చో" అంది. థెరపీ అవసరమేనా?

మాటామంతీ

అవసరమే, కానీ పని పూర్తిగా వేరు. మెట్రో మాట నిషేధించకండి, ఆ అమ్మాయి సంభాషణలోకి వచ్చే తలుపు అదే. మూడు రంగుల గుండీలు, ఒక దారం తీసుకోండి. ఎర్రది: ఎదుటివాళ్ళ గురించి ఒక ప్రశ్న. పసుపుది: వాళ్ళు చెప్పినదాని మీద ఒక మాట. నీలంది: తన కబురు. ఎర్ర గుండీ, పసుపు గుండీ ఎక్కాకే నీలంది ఎక్కాలి. "నువ్వెప్పుడైనా మెట్రో ఎక్కావా?" కూడా ఎర్ర గుండీయే, ఒప్పుకోండి. వారం పది రోజులయ్యాక గుండీలు తీసేసి వేళ్ళ మీదకి మార్చండి, లేకపోతే బడికి దారం పట్టుకెళ్తుంది.

విసుగు గుర్తుపట్టడానికి నెమ్మదిగా చూడగల సాక్ష్యం కావాలి. ఇంట్లోవాళ్ళు మాట్లాడుకుంటున్న ఒక నిమిషం వీడియో తీసి, శబ్దం ఆపి చూపించండి: ఎవరు వింటున్నారు, ఎవరు ఫోన్ చూస్తున్నారు, కాళ్ళు ఎటు తిరిగి ఉన్నాయి? ఆ తర్వాతే శబ్దం పెట్టండి.

మీరు, అండి సంగతి సూత్రంగా చెప్తే అందదు. "పెద్దవాళ్ళని మీరు అనాలి" అంటే అమ్మమ్మని నువ్వంటున్నాం కదా అని నిలదీస్తుంది, ఆ పిల్ల చెప్పిందే నిజం. ఇంట్లోవాళ్ళ, బడివాళ్ళ ఫొటోలు పేర్చి "రా" అనే గుట్ట, "రండి" అనే గుట్ట చేయించండి. కొత్త మనిషి వస్తే ఫొటో లేకపోయినా ముందు "రండి" గుట్టే.

పైమాటకీ లోపలి అర్థానికీ తేడా ఉన్నవి విడిగా నేర్పాలి. చుట్టాలు "వెళ్ళొస్తాం" అని వెళ్తే ఈ పిల్లలు గుమ్మంలో కాపు కాస్తారు, వస్తామన్నారు కదా మరి. "చాలా బాగా చేశావులే" అన్నప్పుడు ఆ "లే"లో ఉన్న చురక తెలీదు. అలాంటివి వారానికి రెండే తీసుకుని, ఒక కాగితం మీద బొమ్మ వేసి, మనిషి నోటి దగ్గర అన్న మాట, తల మీద బుడగలో అనుకున్న మాట రాయించండి. "అమ్మ ఏమని అంది? ఏమని అనుకుంది?" ఆ రెండూ వేరువేరుగా రాయగలిగిన రోజు సగం పని అయినట్టే. పరీక్షల్లో ఆటిజం లక్షణాలు మిగతావి లేకపోతే, దీన్ని సోషల్ ప్రాగ్మాటిక్ కమ్యూనికేషన్ డిజార్డర్ అంటారు. 2013లో డీఎస్ఎమ్-5తో (అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం) వచ్చిన పేరు అది. పేరు ఏదైనా పని ఇదే.

డాలస్‌బాబాయి

అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా చెప్తే వినకండి. రెండు భాషల వల్ల ఆటిజం రాదు, మాట ఆలస్యమూ కాదు. అమ్మానాన్నలకి సహజంగా రాని భాషలో ఆటాడితే ఆటే చప్పబడుతుంది, తాతామామ్మలతో మాట తెగిపోతుంది. మూడేళ్ళు నిండిన పిల్లలకి స్కూల్ డిస్ట్రిక్ట్ ఉచితంగా పరీక్ష చేయాలి, అర్హత ఉంటే ఐఈపీ (ఆ పిల్లాడికి ప్రత్యేకంగా వేసే చదువు ప్రణాళిక) రాసి థెరపీ ఇవ్వాలి. మూడులోపు వాళ్ళకి ఎర్లీ ఇంటర్వెన్షన్ వేరే ఉంది. పరీక్ష అప్పుడు తెలుగులో వచ్చినవీ లెక్కలోకి తీసుకోమని రాసి అడగండి. ఇంగ్లీషు పరీక్షలో మాత్రమే వెనకబడితే అది డిజార్డర్ కాదు.

బడిగంట

ఇక్కడివాళ్ళకి కూడా కాగితాల సంగతి చెప్పేస్తా. థెరపిస్ట్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరుందో లేదో అడగండి, అడగడం తప్పు కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థ. జిల్లాల్లో ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద పెట్టిన డీఈఐసీలలో (జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాలు) ఉచితంగా చూస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు తీసుకుంటే నేషనల్ ట్రస్ట్ నిరామయ ఆరోగ్య బీమాకి దరఖాస్తు చేయొచ్చు, ఏడాదికి లక్ష దాకా, అందులో థెరపీకీ కొంత భాగం ఉంటుంది. నాలుకకి మసాజులు, కొవ్వొత్తులు ఊదించడం, ఈలలు వేయించడం మీదే నెలలు గడిపేవాళ్ళుంటే మానుకోండి. ఊదడం వస్తే ఊదడం వస్తుంది, సంభాషణ రాదు.

గోదారిగట్టు

బుడగలు పనిచేస్తున్నాయి, నిన్న రెండుసార్లు సీసా నా చేతిలో పెట్టి చూశాడు. కానీ దువ్వెన పెట్టిన టిఫిన్ బాక్సు తెరిచి, దువ్వెన తీసి పక్కన పడేసి వెళ్ళిపోయాడు. నా వైపు చూడనే లేదు.

మాటామంతీ

మీరు ఎక్కడ కూర్చున్నారు? పక్కనో వెనకో అయితే మీ మొహం కోసం వాడు మెడ తిప్పాలి, అంత శ్రమ వాడు పడడు. ఎదురుగా కూర్చుని బాక్సు మీ గడ్డం కింద పట్టుకుని తెరవండి, వస్తువూ మీ మొహమూ ఒకే చూపులో పడాలి. రెండోది, ఆ సమయానికి వాడికి ఆకలి లేకపోతే ఇడ్లీ కోసం ఎదురుచూపే లేదు, ఎదురుచూపు లేనిచోట వింత ఉండదు. మూడు రోజులు అదే బాక్సులో వాడికిష్టమైన బిస్కెట్ పెట్టి ఇవ్వండి. నాలుగో రోజు దువ్వెన పెట్టండి, బిస్కెట్ మీ గుప్పిట్లో ఉంచుకోండి.